క్యాంపస్‌కు సుస్థిరత విధానం: కాగితం మీది మాటను కుళాయి దాకా తెచ్చే పద్ధతి

రాత్రి పదకొండున్నరకు హాస్టల్ మేడ మీదికి ఎక్కి, నీళ్ల ట్యాంకులో వెదురు కర్ర దించి, తడి ఎక్కడిదాకా వచ్చిందో మేకుతో గీత పెట్టాం. తెల్లవారుజామున నాలుగున్నరకు మళ్లీ ఎక్కి అదే కర్ర దించాం. మధ్యలో మోటర్ వేయలేదు. పిల్లలంతా నిద్రలో ఉన్నారు. అయినా నీటి మట్టం పద్నాలుగు సెంటీమీటర్లు దిగింది. ఆ ట్యాంకు వెడల్పు మూడు మీటర్లు, పొడవు నాలుగు. అంటే ఒక్క సెంటీమీటరుకు 120 లీటర్లు. ఐదు గంటల్లో దాదాపు 1,700 లీటర్లు ఎవరికీ ఉపయోగపడకుండానే పోయాయి. తెల్లారాక వెతికితే రెండు ఫ్లష్ ట్యాంకులు, గోడలో ఒక పైపు జాయింటు దొరికాయి.

ఆ క్యాంపస్‌కు అప్పటికే గ్రీన్ పాలసీ ఉంది. చక్కగా అచ్చు వేయించారు. "నీటిని పొదుపుగా వాడుతాము" అని అందులో ఉంది. ఆ వాక్యానికీ ఈ పైపుకూ మధ్య మనిషి లేడు, అంతే.

మన చెరువులకు కట్ట, తూము, మత్తడి ఉంటే సరిపోలేదు. నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తియ్యాలి, ఎవరి మడికి ఎంతసేపు పారాలి, కట్టకు ఎక్కడ బొరియ పడింది, అన్నీ చూసుకోవడం ఆయన పని. ఊరంతటికీ ఆయన ఎవరో తెలుసు. పాలసీలో మనం రాసే ప్రతి వాక్యానికీ అలాంటి నీరటి ఒకరు ఉండాలి. కొన్నేళ్లుగా కాలేజీ, యూనివర్సిటీ కమిటీల్లో కూర్చుని నేను నేర్చుకున్నది ఇదే. హన్మకొండలోని కాకతీయ యూనివర్సిటీ లాంటి పెద్ద క్యాంపస్ అయినా, జనగామలోనో భూపాలపల్లిలోనో ఉన్న చిన్న డిగ్రీ కాలేజీ అయినా, ఇప్పుడిప్పుడే రూపు దిద్దుకుంటున్న ములుగు సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం అయినా పద్ధతి మాత్రం ఒకటే. కొలతలే మారతాయి.

రెండు ఫైళ్లు వద్దు

పర్యావరణానికి ఒక పాలసీ, సామాజిక అంశాలకు ఇంకోటి అని విడదీయకండి. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలని రాస్తాం. ఆ చెత్తలో చేతులు పెట్టేది ఎవరు? ఆమెకు గ్లౌజులు ఇచ్చామా, ఈఎస్‌ఐ కార్డు ఉందా? మే నెలలో స్లాబు కింద ఉడికిపోయేది పై అంతస్తు గదుల్లోని పిల్లలు. నీళ్లు తగ్గితే ముందు ఎండిపోయేదీ ఆ అంతస్తు బాత్రూమే. ఏ పర్యావరణ సమస్య పట్టుకున్నా చివరికి ఒక మనిషి దగ్గరికే చేరుతుంది. సుస్థిరత అంటే రాబోయే తరాల అవసరాలకు గండి కొట్టకుండా మన అవసరాలు తీర్చుకోవడం అని ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రంట్‌లాండ్ కమిషన్ 1987లో చెప్పింది. 2015లో ఒప్పుకున్న 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లోనూ నీరు, విద్యుత్తుతో పాటు స్త్రీ పురుష సమానత్వం, గౌరవప్రదమైన పని ఉన్నాయి. సిద్ధాంతం ఇంత చాలు, ఇక పనిలోకి దిగుదాం.

మొదటి అడుగు: కమిటీలో ఎవరుండాలి

సాధారణంగా పర్యావరణ శాస్త్రం, బోటనీ అధ్యాపకులతో కమిటీ వేస్తారు. వాళ్లు అవసరమే, కానీ వాళ్ల సంతకంతో ఒక్క వాల్వు కూడా మారదు. రిజిస్ట్రార్ లేదా ప్రిన్సిపాల్ అధ్యక్షత వహించాలి. ఫైనాన్స్ అధికారి తప్పనిసరిగా ఉండాలి, ఆయన లేకుండా జరిగిన మీటింగ్ నిర్ణయాలు మళ్లీ ఆయన టేబుల్ మీదే ఆగిపోతాయి. ఇంజినీరింగ్ సెక్షన్ నుంచి ఒకరు, హాస్టల్ వార్డెన్, ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్, మెస్ ఇన్‌చార్జి కావాలి. విద్యార్థుల నుంచి హాస్టల్‌లో ఉండే అమ్మాయి ఒకరు, ఊరి నుంచి బస్సులో వచ్చే డే స్కాలర్ ఒకరు, వికలాంగ విద్యార్థి ఒకరు.

చాలామంది మర్చిపోయేది సఫాయి సిబ్బందిని. సూపర్‌వైజర్ వస్తే సరిపోదు, రోజూ చీపురు పట్టే మనిషే రావాలి. మీటింగ్ ఆమె డ్యూటీ టైమ్‌లో పెట్టండి, ఆ గంటకు జీతం కోత ఉండదని ముందే రాసివ్వండి. ఆమెను ముందుగా మాట్లాడమనండి. ప్రొఫెసర్లు మాట్లాడాక ఎవరూ ఆమెను అడగరు, ఆమే అడిగి మాట్లాడదు.

ఒక మీటింగ్‌లో చెత్త వేరు చేయడం గురించి అరగంట చర్చ నడిచాక, మూలన కూర్చున్న అక్కను అడిగాను. "సార్, మేం పొద్దుగాల ఏరి పెడుతనే ఉన్నం. బండాయన వచ్చి రెండూ ఒక్కదాంట్లనే గుమ్మరిస్తడు. ఇగ ఏరి ఏం ఫాయిదా?" అంది. సమస్య పిల్లల అవగాహనలో లేదు, బండిలో అడ్డగోడ లేకపోవడంలో ఉంది. రెండు అవగాహన సదస్సుల ఖర్చుతో ఒక రేకు బిగించాం.

రెండో అడుగు: కొలవండి, తర్వాతే రాయండి

ఈ పనికి కనీసం మూడు నెలలు ఇవ్వండి. తొందరపడితే పాలసీ మొత్తం ఊహల మీద నిలబడుతుంది.

కరెంటుతో మొదలుపెట్టండి, ఎందుకంటే లెక్కలు ఇప్పటికే మీ ఆఫీసులో ఉన్నాయి. ఇక్కడి కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ బిల్లులు పన్నెండు నెలలవి, ఏప్రిల్ నుంచి మార్చి దాకా తీసి పక్కపక్కన పెట్టండి. యూనిట్లతో పాటు ఒప్పంద డిమాండ్ (ఒకేసారి ఇంత లోడు దాకా వాడతామని సంస్థతో ఒప్పుకున్నది) ఎంత, నిజంగా వాడిన గరిష్ఠ డిమాండ్ ఎంత, పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) ఎంత అన్నది చూడండి. ఒప్పందం అవసరానికి మించి ఉంటే వాడని దానికి కూడా కడుతున్నట్టే. ఒక్క దరఖాస్తుతో ఆ ఖర్చు తగ్గించుకోవచ్చు.

దాన్ని కర్బన లెక్కలోకి మార్చడం కష్టమేమీ కాదు. మన గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. నెలకు 60,000 యూనిట్లు వాడే క్యాంపస్ అనుకుంటే ఏడాదికి 7,20,000 యూనిట్లు, అంటే దాదాపు 504 టన్నులు. జనరేటర్‌లో పోసే డీజిల్ లీటరుకు సుమారు 2.7 కిలోలు. మెస్‌లో వాడే 19 కిలోల గ్యాస్ సిలిండర్ ఒక్కోదానికి సుమారు 57 కిలోలు. ఈ మూడూ కలిపితే మొదటి ఏడాది లెక్కకు చాలు. రాకపోకలు, కొనుగోళ్లు రెండో ఏడాదిలో చేర్చుకోవచ్చు.

పిల్లలకు ఈ లెక్క చెప్పేటప్పుడు దూరం పోనక్కర్లేదు. చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం 1,100 మెగావాట్లది, రామగుండంలో ఎన్టీపీసీ ఉంది. క్లాసులో ఎవరూ లేకుండా తిరిగే ఫ్యాను అక్కడి బొగ్గుతోనే తిరుగుతోంది. అదే రామగుండంలో జలాశయం మీద తేలే 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు 2022లో పూర్తయింది. పిల్లల్ని ఒక రోజు తీసుకెళ్లి రెండూ చూపిస్తే నెల రోజుల పాఠం ఒక్క పూటలో అయిపోతుంది.

నీళ్లకు మీటరు ఉంటే మంచిది. లేకపోతే పైన చెప్పిన కర్ర పద్ధతి పెట్టుకోండి. మూడు రాత్రులు, మూడు వేర్వేరు వారాల్లో కొలవండి. ఎవరూ వాడని వేళ మట్టం దిగుతోందంటే అది లీకే. పగటి వాడకాన్ని మనిషికి ఎన్ని లీటర్లు అని లెక్కగట్టండి. పట్టణ నీటి సరఫరాకు తలసరి రోజుకు 135 లీటర్లు ప్రమాణంగా తీసుకుంటారు. 500 మంది హాస్టల్‌కు 67,500 లీటర్లు. అంతకు బాగా మించితే కారణం వెతకాలి, బాగా తక్కువైతే పిల్లలు ఇబ్బంది పడుతున్నారని అర్థం. తక్కువ వాడకాన్ని వెంటనే గొప్పగా రాసుకోవద్దు.

చెత్తను వరుసగా ఏడు రోజులు తూకం వేయండి. తడి, పొడి, మెస్ ప్లేట్ల మిగులు, ఆకులు వేర్వేరుగా. ఆ వారంలో ఆదివారం ఉండాలి, వీలైతే ఒక పండగ రోజు కూడా. మెస్‌లో వండేటప్పటి మిగులునూ ప్లేట్లలో వదిలేసినదాన్నీ కలపొద్దు. మొదటిది వంటవాళ్ల అంచనా సమస్య, రెండోది రుచి సమస్యో, పెద్ద గరిటె సమస్యో.

ఇక మనుషుల లెక్క. కాంట్రాక్టు సిబ్బంది ఎంతమంది, వాళ్ల చేతికి వస్తున్న జీతం ఎంత, పీఎఫ్, ఈఎస్‌ఐ జమ అవుతున్నాయా? మహిళల టాయిలెట్లు ఎన్ని, వాటిలో నీళ్లు వచ్చేవి ఎన్ని? వీల్‌చైర్ చేరలేని క్లాసురూములు ఎన్ని? గత మూడేళ్లలో చదువు మధ్యలో మానేసిన విద్యార్థులు ఎవరు, ఎందుకు? చివరి ప్రశ్నకు ఫైళ్లలో జవాబు ఉండదు. ఫోన్ చేసి అడగాలి. నేను అలా చేసిన ఫోన్లలో రెండు మూడు చోట్ల విన్న మాట ఒకటే: మెస్ బాకీ కట్టలేక ఇంటికి వెళ్లి, మళ్లీ రాలేదు.

మూడో అడుగు: చట్టం అడిగేది ముందు పూర్తి చేయండి

చట్టం తప్పనిసరి చేసినదాన్ని మన ఉదారతగా రాసుకోకూడదు. పాలసీలో దీనికి వేరే పేజీ పెట్టండి.

రోజుకు 100 కిలోలు, అంతకు మించి చెత్త వచ్చే సంస్థలు బల్క్ జనరేటర్ల, అంటే భారీగా చెత్త పుట్టించే సంస్థల కిందికి వస్తాయి. తడి చెత్తను వీలైనంత వరకు తమ ప్రాంగణంలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలి. హాస్టళ్లున్న ఏ క్యాంపస్ అయినా ఈ కోవలోకి వచ్చినట్టే అనుకోండి. గుర్తించిన ఒక్కసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల మీద 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది. పాత కంప్యూటర్లు, ప్రింటర్లు 2022 ఈ-వేస్ట్ నియమాల ప్రకారం రిజిస్టర్డ్ రీసైక్లర్‌కే వెళ్లాలి, తూకానికి కొనే పాతసామాన్ల వ్యాపారికి కాదు. మెడికల్, ఫార్మసీ, నర్సింగ్ కాలేజీలకు 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాలు వర్తిస్తాయి. చెట్టు కొట్టాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం కింద అనుమతి కావాలి.

మనుషుల వైపు చూస్తే, 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళ అధ్యక్షురాలిగా, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలుగా, బయటి వ్యక్తి ఒకరితో. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులు కూడా ఉండాలని 2015 యూజీసీ నిబంధనలు చెబుతాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించమంటుంది. మురుగు గుంతలోకి మనిషిని దించి పాకీపని చేయించడం 2013లోనే వచ్చిన మరో చట్టం ప్రకారం నేరం. సెప్టిక్ ట్యాంకు నిండితే యంత్రమే రావాలి. అత్యవసరమనో ఒక్కసారికే అనో మినహాయింపు రాయకండి. ఆ ఒక్కసారే ప్రాణాలు పోతాయి.

నాలుగో అడుగు: వాక్యం రాసే తీరు

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టమని గట్టిగా చెబుతాను. మామూలుగా కనిపించే వాక్యం ఇలా ఉంటుంది:

"విశ్వవిద్యాలయం నీటి సంరక్షణకు కట్టుబడి ఉంది, తగు చర్యలు తీసుకుంటుంది."

దీన్ని ఎవరూ ఉల్లంఘించలేరు, ఎందుకంటే ఇది ఎవరినీ ఏమీ చేయమని అడగలేదు. ఇప్పుడు ఇది చూడండి:

"ప్రతి నెలా మొదటి శనివారం రాత్రి హాస్టల్ ట్యాంకుల మట్టాన్ని అసిస్టెంట్ ఇంజినీర్ కొలిపించి రిజిస్టర్‌లో రాయాలి. ఐదు గంటల్లో 200 లీటర్లకు మించి తగ్గితే మూడు పని దినాల్లో లీకు సరిచేయాలి. 5,000 రూపాయల వరకు మరమ్మతుకు వార్డెన్ సంతకం చాలు. మూడు రోజుల్లో పని జరగకపోతే విషయం రిజిస్ట్రార్‌కు వెళ్తుంది."

హోదా, తేదీ, కొలత, డబ్బు, చేయకపోతే ఏమవుతుందన్నది ఐదూ ఇందులో ఉన్నాయి. ఏ వాక్యంలోనైనా ఈ ఐదింటిలో ఒకటి లేకపోతే దాన్ని పక్కన పెట్టండి. పేరు కాకుండా హోదా రాయండి, మనుషులు బదిలీ అవుతారు. పాలసీ మొత్తం పన్నెండు పేజీలు దాటకుండా చూడండి.

తెలుగులో రాయండి. ఇంగ్లిష్ ప్రతి, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్‌కో ఆడిట్‌కో కావాలంటే అది కూడా ఉంచండి. కానీ మెస్ వంటాయనకు, వాచ్‌మన్‌కు, సఫాయి అక్కకు అర్థం కాని పాలసీని వాళ్లెలా అమలు చేస్తారు? డ్రాఫ్టు అయ్యాక వాళ్లను కూర్చోబెట్టి పైకి చదివి వినిపించండి. చదువుతుంటే వాళ్ల ముఖం ఎక్కడ అయోమయంగా మారుతుందో ఆ వాక్యం మళ్లీ రాయండి.

ఐదో అడుగు: నీళ్లు, వానా, వరదా

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానలకు వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగాయి, మోరంచపల్లి ఊరు ఊరంతా నీళ్లలో చిక్కుకుంది. అందుకే మన దగ్గర నీటి విధానమంటే ఎండాకాలం కొరత గురించే కాదు, వరద గురించి కూడా.

క్యాంపస్ మ్యాప్ ముందు పెట్టుకుని, ముప్పై ఏళ్ల సర్వీసున్న అటెండరునో తోటమాలినో పిలిచి అడగండి, పాత రోజుల్లో వాన నీళ్లు ఎటు నుంచి ఎటు పోయేవని. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో ఒకదాని మత్తడి పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేవి. మన భవనాలు చాలావరకు ఆ దారుల మీదో పక్కనో లేచాయి. పాత కాలువల్ని మ్యాప్ మీద నీలి గీతతో గీసి, "ఈ గీతకు ఇరువైపులా కొత్త కట్టడం, పార్కింగ్ సిమెంటు వేయరాదు" అని పాలసీలో రాయండి. రేపు కొత్త బ్లాకు కట్టే వేళ ఈ ఒక్క వాక్యమే అడ్డం నిలబడాలి.

ఇంకుడు గుంతల లెక్క తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. 1,000 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 900 మిల్లీమీటర్లు పడి, అందులో 80 శాతం పట్టుకోగలిగితే 7,20,000 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 144. మన నేల కింద ఎక్కువచోట్ల గట్టి గ్రానైటు. పైపైన తవ్విన గుంత రెండు వానలకే నిండి పొర్లుతుంది. బోరు దగ్గర, రాతి పగుళ్లున్న చోట చూసి తవ్వాలి. ఎండిపోయిన పాత బోరుంటే వడపోత గుంత కట్టి అందులోకే పంపొచ్చు. మొదటి వాన నీటిని బయటికి వదిలేసే వాల్వు పెట్టండి, డాబా మీద దుమ్ము, పావురాల రెట్ట దాంతోనే పోతాయి. ట్యాంకులకు గట్టి మూతలు బిగించండి. మన దగ్గర కోతులు మూతలు లాగి పడేయడం అందరికీ తెలిసిన సంగతే.

ఆరో అడుగు: కరెంటు, ఎండ

సోలార్ ఫొటో బాగుంటుంది కాబట్టి అందరూ దానితో మొదలుపెడతారు. నా మాట వింటే ముందు వాడకం తగ్గించండి. పాత సీలింగ్ ఫ్యాను దాదాపు 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటరున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర. పది ఫ్యాన్ల క్లాసురూములో రోజుకు ఎనిమిది గంటలకు 3.6 యూనిట్లు మిగులుతాయి. 200 పని దినాలకు 720 యూనిట్లు. అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు, "కాలిపోయిన ఫ్యానుకు రీవైండింగ్ చేయించరాదు, బీఎల్‌డీసీ కొనాలి" అని రాస్తే కొన్నేళ్లలో అవే మారిపోతాయి.

తర్వాత సోలార్. 100 కిలోవాట్లకు నీడ పడని డాబా సుమారు 10,000 చదరపు అడుగులు కావాలి, ఏడాదికి దాదాపు 1,40,000 యూనిట్లు వస్తాయి. పెట్టుబడి లేకపోతే కంపెనీయే ప్యానళ్లు పెట్టి యూనిట్‌కు ఇంత అని అమ్మే పద్ధతి ఉంది. అందులో ప్యానళ్లు ఎవరు కడగాలి, డాబా కారితే ఎవరు బాగుచేయాలి అన్నది ఒప్పందంలో ముందే రాసుకోండి.

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో వెంటనే హాయినిచ్చేది డాబా మీద తెల్ల పూత. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. అమ్మాయిల హాస్టల్ పై అంతస్తుతో మొదలుపెట్టండి. రాత్రి తలుపులు, కిటికీలు మూసుకుని పడుకోవాల్సి వచ్చేది ఎక్కువగా వాళ్లే.

ఏడో అడుగు: చెత్త

చెత్తను నాలుగుగా విడదీయండి: తడి, పొడి, శానిటరీ ప్యాడ్లు, ప్రమాదకరమైనవి. అమ్మాయిల టాయిలెట్లలో మూత ఉన్న డబ్బా, పక్కనే పాత పేపర్లు పెట్టి, చుట్టి వేయమని బోర్డు రాయండి. విప్పి ఉన్న ప్యాడ్లను చేత్తో తీసేది ఇంకో ఆడమనిషే అన్న సంగతి హాస్టల్ మీటింగ్‌లో నేరుగా చెప్పండి. ఒక్కసారి చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు, నేను చూశాను.

ఆకులు తగలబెట్టడం ఆపండి. ఆ ఆకులే మీ ఎరువుకు ప్రాణం. మెస్ మిగులు ఒక్కటే గుంతలో వేస్తే కుళ్లి కంపు కొడుతుంది, ఈగలు ముసురుతాయి. ఒక బకెట్టు తడి చెత్తకు రెండు బకెట్ల ఎండుటాకులు, పైన కాస్త పేడనీళ్లు, వారానికోసారి తిరగేయడం. పిడికిట్లో పట్టి పిండితే చెయ్యి తడవాలి గానీ నీళ్లు కారకూడదు. రెండు నెలల్లో నల్లటి మట్టి వాసన వస్తుంది. అప్పుడు డంపింగ్ యార్డుకు వెళ్లే మన బండి బరువు ఎంత తగ్గిందో తూకం వేసి బోర్డు మీద రాయండి.

మెస్‌లో "అన్నం పారేయకండి" అనే బోర్డు బదులు నిన్న మధ్యాహ్నం ప్లేట్లలో ఎన్ని కిలోలు మిగిలిందో సుద్దతో రాయండి. గరిటె చిన్నది చేసి, రెండోసారి ఎంత అడిగినా పెట్టమనండి. తిండి మీద పరిమితి పెట్టి వృథా తగ్గించడం తప్పు. ఆకలితో లేచే పిల్లలు ఉండకూడదు.

పండగలు మన బలం. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలే వాడి, నీళ్లలో కలిపే చోట ప్లాస్టిక్ కవర్లు రాకుండా వలంటీర్లను పెట్టండి. క్యాంపస్ వినాయకుడు మట్టిదే కావాలి. ఫెస్టులకు ఫ్లెక్సీల బదులు గుడ్డ బ్యానర్లు.

చెట్ల గురించి రెండు మాటలే. ఎన్ని నాటామన్నది కాదు, మూడు ఎండాకాలాల తర్వాత ఎన్ని బతికాయన్నదే లెక్కలో రాయండి. బయటి దేశాల మొక్క కోనోకార్పస్ వద్దు. వేప, కానుగ, నేరేడు, మద్ది, ఇప్ప మన నేలకు అలవాటైనవి.

ఎనిమిదో అడుగు: మనుషులు

ఒకచోట సఫాయి సిబ్బంది జీతం స్లిప్పులు చూడాలని కమిటీ అడిగితే అసలు స్లిప్పులే లేవని తెలిసింది. పీఎఫ్ కోత మాత్రం నెలనెలా జరుగుతోంది. అందుకే పాలసీలో ఇలా రాయండి: కాంట్రాక్టరు బిల్లు పాస్ కావాలంటే గత నెల పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు, బ్యాంకు ఖాతాల్లో జీతం పడిన రుజువు జత చేయాలి. జత చేయకపోతే బిల్లు కదలదు. ఈ ఒక్క నిబంధన పది ఉపన్యాసాలకంటే ఎక్కువ పని చేస్తుంది. కాంట్రాక్టరు మారినా పాత సిబ్బందినే కొనసాగించాలని టెండరులోనే పెట్టండి. విశ్రాంతి గది, లాకరు, తాగునీరు, టాయిలెట్ వాళ్లకూ ఉండాలి.

మెస్ బాకీ ఉందని హాల్ టికెట్ ఆపకూడదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ఆ టెన్షన్ సంస్థ మోయాలి, ఏటూరునాగారం నుంచో ఉట్నూరు నుంచో వచ్చిన పిల్లాడు కాదు. అందుకు చిన్న నిధి ఒకటి పక్కన పెట్టండి. బాకీల జాబితా నోటీసు బోర్డు మీద అంటించడం ఆపండి.

ర్యాంపు వాలు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కంటే నిటారుగా ఉండొద్దు. కట్టాక వీల్‌చైర్ వాడే విద్యార్థి ఎక్కి చూసి సరే అన్నాకే బిల్లు ఇవ్వండి. అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు, ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416 నంబర్లు ప్రతి హాస్టల్ అంతస్తులో తెలుగులో ఉండాలి.

రాకపోకలకు సొంత బస్సులు కొనే ముందు డే స్కాలర్లు ఏ ఊళ్ల నుంచి ఏ వేళకు వస్తున్నారో సర్వే చేసి, ఆర్టీసీ డిపోకు పట్టుకెళ్లండి. 2023 డిసెంబర్ నుంచి అమ్మాయిలకు ప్రయాణం ఉచితం. వాళ్లకు కావాల్సింది సరైన టైముకు బస్సు, గేటు దగ్గర స్టాపు, సాయంత్రం స్టాపు దాకా వీధి లైట్లు.

తొమ్మిదో అడుగు: కొనుగోళ్లు, ఆమోదం, డబ్బు

అతి తక్కువ రేటుకే టెండరు అన్న నిబంధన వల్ల నాసిరకం మోటర్లు, ఫ్యాన్లు వస్తాయి. నిబంధన తప్పించుకోలేం గానీ, ఎన్ని స్టార్లు ఉండాలి, ఎన్నేళ్ల వారంటీ, పాత వస్తువు వెనక్కి తీసుకుంటారా అన్నవి స్పెసిఫికేషన్‌లో రాయొచ్చు. గెస్ట్ హౌస్‌కు, హాస్టల్ హాళ్లకు కొత్తవాడ నేతన్నల జంపఖానాలు కొనండి. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, నేసే మనిషి మన పక్క వీధిలోనే ఉన్నాడు.

డ్రాఫ్టును నెల రోజులు అందరి ముందూ పెట్టి, అభ్యంతరాలు తీసుకుని, ఆ తర్వాత యూనివర్సిటీ అయితే పాలకమండలికి, కాలేజీ అయితే గవర్నింగ్ బాడీకి పంపండి. ఆమోదం వచ్చిన రోజే బడ్జెట్ పద్దు కూడా రావాలి. డబ్బు లేదంటే ఒక దారి ఉంది. కరెంటు బిల్లులో మిగిలిన దాంట్లో సగాన్ని విడి ఖాతాలో వేసి, తర్వాతి పనికి వాడుకునేలా తీర్మానం చేయించండి. ఫ్యాన్ల మిగులుతో డాబాలకు పూత, ఆ మిగులుతో మీటర్లు అలా నడుస్తాయి. మిగులు మొత్తం జనరల్ ఖాతాలో కలిసిపోతే రెండో పని మొదలే కాదు.

పదో అడుగు: ఏటా చూసుకోవడం, అప్పగించడం

ప్రతి ఏప్రిల్‌లో పాత లెక్క, కొత్త లెక్క పక్కపక్కన రాసి గేటు దగ్గర బోర్డు పెట్టండి. పెరిగినవీ రాయండి, ఎందుకు పెరిగిందో ఒక లైను కలపండి. మే చివరి వారంలో, రుతుపవనాలకు ముందు, డాబా పైపులు, కాలువలు, ఇంకుడు గుంతల వడపోత గులకరాళ్లు శుభ్రం చేయించాలి.

ఎక్కువ క్యాంపస్‌లలో ఈ పని ఆగిపోయేది కోఆర్డినేటర్ మారినప్పుడే. అందుకే అప్పగింత రిజిస్టర్ ఒకటి మొదటి రోజు నుంచే పెట్టండి. ఏ వాల్వు ఎక్కడుంది, ఏ తాళం ఎవరి దగ్గర, ఏ మీటరు ఏ బ్లాకుది, ట్యాంకు కొలతలు ఎంత, సోలార్ ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది, ఏ పని ఎక్కడ ఆగింది. ప్రతిదానికీ ఫొటో అంటించండి. వెళ్లే మనిషి, వచ్చే మనిషి కలిసి ఒక రోజంతా క్యాంపస్ తిరిగి, ప్రతి వాల్వు దగ్గరా నిలబడి చూసుకుని, ఆ రిజిస్టర్‌లో ఇద్దరూ సంతకం చేయాలి. ఆ రాత్రి ట్యాంకులో కర్ర దించేది కొత్త మనిషే.